పాత టెస్ట్ ఎక్విప్‌మెంట్‌లో బటన్లు పనిచేయకపోతే: ముందు కాగితం మీద గడులు గీయండి, విప్పడం తర్వాత

సెకండ్ హ్యాండ్‌లో మంచి బెంచ్ మల్టీమీటరో సిగ్నల్ జనరేటరో తక్కువ రేటుకి వచ్చిందంటే చాలాసార్లు లోపల కొలిచే భాగమంతా శుభ్రంగానే ఉంటుంది, ముందు ప్యానెల్ మీద మూడో నాలుగో బటన్లు మొరాయిస్తుంటాయి, అందుకే అమ్మేశారు. ఇది రిపేర్ చేయడానికి పెద్ద చదువేం అక్కర్లేదు, కానీ అందరూ చేసే పని ఏంటంటే బాక్స్ ఇంటికి రాగానే విప్పేసి కాంటాక్ట్ క్లీనర్ డబ్బా అంతా కొట్టేస్తారు, రెండు వారాలు పనిచేస్తుంది, మళ్ళీ మొదటికొస్తుంది. క్లీనింగ్ తప్పని కాదు, కానీ ఏ బటన్లు పోయాయో వాటి లెక్క చూస్తే విప్పకముందే సగం జబ్బు తెలిసిపోతుంది, ఆ సమాచారం ఉచితంగా దొరుకుతున్నప్పుడు దాన్ని వదిలేసి స్క్రూలు తీయడం ఎందుకు.

సరే, ముందు పవర్ ఆన్ చేసి ఒక్కో బటన్ నొక్కండి, పక్కన కాగితం పెట్టుకోండి. మామూలుగా నొక్కితే పనిచేసింది, గట్టిగా నొక్కితేనే పనిచేసింది, ఒకసారి నొక్కితే రెండుసార్లు పడింది, వేరే బటన్ నొక్కినట్టు అయింది, అసలు చప్పుడే లేదు, ఈ ఐదిట్లో ఏదో రాసుకోండి. పవర్ బటన్, మల్టీమీటర్లలో ఫ్రంట్/రేర్ ఇన్‌పుట్ బటన్ లాంటివి ఈ లెక్కలోకి రావు, అవి చాలా మోడల్స్‌లో విడిగా ఉండే మెకానికల్ స్విచ్‌లు, హెచ్‌పీ 34401ఏ లో కూడా అంతే.

ఒక్క బటన్ కూడా పనిచేయకపోతే కంగారు పడే ముందు డిస్‌ప్లే మీద రిమోట్ అని వెలుగుతోందేమో చూడండి. వెనక జీపీఐబీ కేబుల్ (కంప్యూటర్ నుంచి ఎక్విప్‌మెంట్‌ని నడిపించే కనెక్షన్) ఉండి కంప్యూటర్ ఏదైనా దాన్ని రిమోట్‌లో పెడితే ముందు ప్యానెల్ ఆగిపోతుంది, లోకల్ అనే బటన్ నొక్కితే తిరిగి వస్తుంది, లోకల్ లాకౌట్ కమాండ్ పంపి ఉంటే ఆ బటన్ కూడా పనిచేయదు. కేబుల్ పీకేసి ఆఫ్ చేసి ఆన్ చేస్తే సరి. అసలు జీపీఐబీ కార్డ్ మీ దగ్గరుంటే ఇంకా మంచిది, కంప్యూటర్ నుంచి రేంజ్, ఫంక్షన్ మార్చి చూడండి, అది చక్కగా మారుతుంటే ప్రాసెసర్, కొలత రెండూ బాగున్నట్టే, ఇక తేడా అంతా బటన్ల వైపే.

ఇప్పుడు సర్వీస్ మాన్యువల్ తెచ్చుకోండి. 70లు 80లలో హెచ్‌పీ, టెక్‌ట్రానిక్స్, ఫ్లూక్ వాళ్ళు మాన్యువల్‌లో పూర్తి స్కీమాటిక్ (సర్క్యూట్ బొమ్మ), సర్క్యూట్ ఎలా పనిచేస్తుందో వివరణ రెండూ ఇచ్చేవాళ్ళు, ఇవాళ్టి ఎక్విప్‌మెంట్‌కి అలాంటిది దొరకదు, ఆ స్కాన్లు వెతికితే నెట్‌లో చాలావరకు ఉచితంగా దొరుకుతాయి. ముందు ప్యానెల్ పేజీ తెరిచి బటన్లని అడ్డం నిలువు గడుల్లో రాసుకోండి, ఏ బటన్ ఏ రోలో ఏ కాలమ్‌లో ఉందో. ప్యానెల్ మీద పక్కపక్కన ఉన్న బటన్లు మ్యాట్రిక్స్‌లో, అంటే రో కాలమ్ వైర్లతో బటన్లని కలిపిన ఈ గడుల అల్లికలో, పక్కపక్కన ఉండాలని రూలేం లేదు, ట్రాక్‌లు ఎలా వీలైతే అలా లాగి ఉంటారు, అందుకే ప్యానెల్ వైపు చూస్తే ఏ క్రమమూ కనపడని జబ్బు గడుల్లో రాయగానే ఒకే వరుసలో కనపడుతుంది.

ఇంజనీరింగ్‌లో 8085 మైక్రోప్రాసెసర్ కిట్ మీద ల్యాబ్ చేసినవాళ్ళకి 8279 అనే కీబోర్డ్ చిప్ గుర్తుండే ఉంటుంది, రికార్డులో రాసి మర్చిపోయిన ఆ చిప్పే 80ల నాటి ఎక్విప్‌మెంట్‌లో బోలెడు చోట్ల ముందు ప్యానెల్ చూసుకునేది. 8 స్కాన్ లైన్లు, 8 రిటర్న్ లైన్లు, మొత్తం 64 కీలు. స్కాన్ లైన్లు చిప్ నుంచి మూడు బిట్లుగా బయటికొచ్చి, వాటిని ఎనిమిది లైన్లుగా విడదీసే 74ఎల్ఎస్138 లాంటి డీకోడర్‌లోకి వెళ్తాయి, డీకోడర్ ఒక్కో కాలమ్‌నీ వంతుగా కిందకి లాగుతుంది, ఆ టైమ్‌లో ఏ రిటర్న్ లైన్ కిందకొస్తే ఆ గడిలో కీ నొక్కారన్నమాట. లోపలి క్లాక్ 100 కిలోహెర్ట్జ్ ఉంటే కీబోర్డ్ మొత్తం ఒక చుట్టు తిరగడానికి 5.1 మిల్లీసెకండ్లు, నిజంగా నొక్కారా లేక కాంటాక్ట్ అదిరిందా అని తేల్చుకోడానికి 10.3 మిల్లీసెకండ్లు. ఈ రెండో నంబర్ గుర్తుంచుకోండి, ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది అంటే కాంటాక్ట్ అదురు ఆ టైమ్ దాటి సాగుతోందని, అది అరిగిన స్విచ్ లక్షణం, చిప్ తప్పు కాదు. మీ బాక్స్‌లో 8279 లేకపోవచ్చు, మైక్రోకంట్రోలర్ పోర్ట్‌లే నేరుగా స్కాన్ చేస్తుండొచ్చు, అయినా కథ ఇదే.

గడుల కాగితం మీద ఇప్పుడు మీ జబ్బు పెట్టి చూడండి. ఒకే ఒక్క గడి పోతే ఆ స్విచ్చే. ఒక రో మొత్తమో కాలమ్ మొత్తమో పోతే స్విచ్‌ల జోలికి వెళ్ళకండి, ఆరు స్విచ్‌లు ఒకేసారి చావవు, ఆ లైన్ ఎక్కడో తెగింది, చాలాసార్లు రిబ్బన్ కేబుల్ చివరో కనెక్టర్ సోల్డర్ జాయింటో, అరుదుగా డీకోడర్ పిన్. ఒక బటన్ నొక్కితే ఇంకో కాలమ్‌లో అదే రోలో ఉన్న బటన్ పడుతోందంటే రెండు కాలమ్‌లు ఎక్కడో అంటుకున్నాయి, సోల్డర్ చుక్కో, తేమో, కెపాసిటర్ కారిన ద్రవమో. అన్నీ చచ్చిపోయి రిమోట్ కూడా లేకపోతే ఒక బటన్ లోపల నొక్కుకుపోయి ఉందేమో చూడండి, ఒక కీ నొక్కి ఉండగా రెండోదాన్ని తీసుకోని డిజైన్లు చాలా ఉన్నాయి, 8279 లో టూ కీ లాకౌట్ అనే మోడ్ దీనికే. బెజెల్ (ముందు చట్రం) కాస్త వంగి బటన్ అంచు ఇరుక్కున్నా చాలు ప్యానెల్ మొత్తం మూగబోతుంది. ఇక డయోడ్లు లేని మ్యాట్రిక్స్‌లో దీర్ఘచతురస్రం మూడు మూలల్లో కీలు మూసుకుంటే నాలుగో మూల కూడా నొక్కినట్టే కనపడుతుంది, రెండు కీలు ఇరుక్కుని ఉన్నప్పుడు మూడోది నొక్కితే సంబంధం లేని పని జరిగేది ఇందుకే.

ఇంతవరకు వచ్చాక విప్పొచ్చు. మెయిన్స్ ప్లగ్ పీకి కాసేపు ఆగండి, సప్లైలో పెద్ద కెపాసిటర్లు ఉంటాయి, పాత ఆసిలోస్కోప్ అయితే పిక్చర్ ట్యూబ్ వైపు వేల వోల్ట్‌లు నిలిచి ఉండొచ్చు, ఆ వైపు చెయ్యి పెట్టకుండానే ముందు ప్యానెల్ తీయగలరా అని ముందే మాన్యువల్‌లో చూసుకోండి. ఇంకో సంగతి, ఇది చాలామంది పట్టించుకోరు, కొన్ని మోడల్స్‌లో క్యాలిబ్రేషన్ లెక్కలు బ్యాటరీ మీద బతికే ర్యామ్‌లో ఉంటాయి. హెచ్‌పీ 3478ఏ అలాంటిదే, లోపల లిథియం బ్యాటరీ కనెక్షన్ ఒక్క క్షణం పోయినా క్యాలిబ్రేషన్ పోతుంది, బటన్ బాగైంది కానీ మీటర్ లెక్క తప్పింది అన్న పరిస్థితి. దాంట్లో ఆ డేటాని జీపీఐబీ ద్వారా చదివి దాచుకోవచ్చు, విప్పే ముందే చదివేసుకోండి. 1991 లో వచ్చిన 34401ఏ లో ఈ గొడవ లేదు, ఎందుకంటే దాంట్లో అవి బ్యాటరీ అక్కర్లేని మెమరీలో ఉంటాయి.

విప్పితే కనపడేవి ప్రధానంగా నాలుగు రకాలు. రబ్బరు షీట్ కింద నల్ల కార్బన్ చుక్కలు, నొక్కితే టిక్ మనే చిన్న టాక్ట్ స్విచ్‌లు, పాత పుష్‌బటన్ బ్యాంకులు, ప్లాస్టిక్ షీట్ మీద వెండి ఇంకు గీతలున్న మెంబ్రేన్. రబ్బరుదే ఎక్కువ గొడవ, అందుకే దాని గురించే ఎక్కువ చెప్తాను.

రబ్బరు షీట్ లేపితే బోర్డు మీద రెండు దువ్వెనల పళ్ళు ఒకదాని సందుల్లో ఒకటి దూరినట్టు ట్రాక్‌లు కనపడతాయి, బంగారు పూతో నల్ల కార్బన్ పూతో ఉంటుంది. రబ్బరు కింద చుక్క వచ్చి ఆ రెండిటినీ కలుపుతుంది. ఇది రాగి రాగిని తాకడం లాంటిది కాదు, ఈ చుక్కకి మంచి వయసులో కూడా కొంత రెసిస్టెన్స్ ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ అది పెరుగుతుంది. రబ్బరులోంచి ఊరే సిలికాన్ నూనె పల్చటి జిడ్డు పొరలా చుక్క మీదా ట్రాక్ మీదా పరుచుకుంటుంది, వేలితో తాకితే తెలుస్తుంది, దానికి గాలిలో దుమ్ము అంటుతుంది. మరి ఎంత పెరిగితే పనిచేయదు? ఇక్కడ చిన్న లెక్క వేసుకుంటే మొత్తం అర్థమైపోతుంది.

రిటర్న్ లైన్ 10 కిలో ఓమ్ పుల్‌అప్‌తో (లైన్‌ని పైకి పట్టి ఉంచే రెసిస్టర్) 5 వోల్ట్‌కి కట్టి ఉందనుకోండి, దాన్ని చదివే చిప్ ఇన్‌పుట్ ఎల్ఎస్ టీటీఎల్ రకం అయితే కీ నొక్కినట్టు తెలియడానికి 0.8 వోల్ట్ కంటే కిందకి రావాలి. మిగతా 4.2 వోల్ట్ పుల్‌అప్ మీద పడాలి కాబట్టి కరెంట్ 0.42 మిల్లీయాంప్, కాలమ్ డ్రైవర్ సరిగ్గా సున్నాకి లాగితే కీ రెసిస్టెన్స్ 1.9 కిలో ఓమ్ వరకు ఉండొచ్చు. కానీ డ్రైవర్ సున్నాకి లాగదు, 0.3 వోల్ట్ దగ్గర ఆగుతుంది, అప్పుడు మిగిలేది 1.2 కిలో ఓమే. దారిలో సిలికాన్ డయోడ్ కూడా ఉంటే కాగితం మీద మార్జిన్ ఇంకేం మిగలదు. అదే సీమాస్ రకం ఇన్‌పుట్ అయితే 1.5 వోల్ట్ వరకు కీ నొక్కినట్టే తీసుకుంటుంది కాబట్టి, డ్రైవర్ సరిగ్గా సున్నాకి లాగితే 4.3 కిలో ఓమ్ దాకా ఓర్చుకుంటుంది. అందుకే ఒకేలా అరిగిన రబ్బరు ఒక బాక్స్‌లో పనిచేస్తుంది, ఇంకోదాంట్లో పనిచేయదు, గట్టిగా నొక్కితే ఎక్కువ పళ్ళని తాకి రెసిస్టెన్స్ తగ్గి అప్పుడు పడుతుంది.

మీ బాక్స్ హద్దు ఎంతో కొలిచేయొచ్చు కూడా. 10 కిలో ఓమ్ పాట్ (తిప్పితే రెసిస్టెన్స్ మారేది) ఒకటి తీసుకుని దానికి వరుసలో 100 ఓమ్ రెసిస్టర్ పెట్టి, రెండు సన్నటి వైర్లతో ఒక కీ దువ్వెన రెండు వైపులా తాకించండి, ముందు పాట్ పూర్తిగా పైకి పెట్టి పవర్ ఆన్ చేసి మెల్లగా తగ్గించండి. ఏ దగ్గర కీ పడిందో అక్కడ ఆపి, వైర్లు తీసి పాట్‌ని మల్టీమీటర్‌తో కొలవండి. ఆ నంబరే మీ హద్దు, దాంట్లో సగం కంటే తక్కువగా అన్ని చుక్కలూ రావాలని పెట్టుకోండి. వైర్లు తాకించేటప్పుడు పక్క ట్రాక్‌లకి తగలకుండా చూసుకోండి, 100 ఓమ్ పెట్టింది దానికోసమే. పాట్ సున్నాకి తెచ్చినా కీ పడలేదంటే రబ్బరు తప్పేం లేదు, లైన్ వైపు వెళ్ళండి.

చుక్కల్ని కొలవడానికి మీటర్ ప్రోబ్‌లు గుచ్చకండి, బొక్కలు పడతాయి. రబ్బరుని బోర్డు మీదే పెట్టి పవర్ లేకుండా దువ్వెన మీద కొలుస్తూ నొక్కండి, పక్కనున్న ఐసీలు అడ్డొస్తాయి కాబట్టి ప్రోబ్‌లు తిరగేసి కూడా చూడండి. ఎవరూ నొక్కని బటన్ ప్రతి ప్యానెల్‌లో ఒకటుంటుంది, జీపీఐబీ అడ్రస్ బటనో క్యాలిబ్రేషన్ బటనో, దాని రీడింగ్ కొత్త రబ్బరు రీడింగ్‌కి దగ్గరగా ఉంటుంది, మిగతావి దానితో పోల్చండి.

ఇక కడగడం. రబ్బరు షీట్‌ని గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలేసి వేళ్ళతో మెత్తగా రుద్ది కడిగి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత తెల్ల కాగితం మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కాస్త పోసి చుక్కని దానిమీద ఒకటి రెండుసార్లు లాగండి, కాగితం మీద నల్ల గీత పడుతుంది, మొదటి గీత జిడ్డు, ఆ తర్వాత వచ్చేది మీ కార్బనే, కాబట్టి అక్కడితో ఆపండి. పెట్రోల్, థిన్నర్, అసిటోన్ వద్దే వద్దు, రబ్బరు ఉబ్బుతుంది, బటన్ల మీద అక్షరాలు పోతాయి. బోర్డు వైపు కూడా ఐసోప్రొపైలే, దూది పోగులు వదుల్తుంది కాబట్టి బట్ట ముక్క మేలు. బంగారు పూత అయితే పెన్సిల్ గీతలు చెరిపే మెత్తటి రబ్బరుతో ఒకసారి తేలిగ్గా తుడవొచ్చు, నల్ల కార్బన్ పూత అయితే అసలు రుద్దకండి. ఉప్పు కాగితం ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకోండి.

కడిగాక కూడా రెసిస్టెన్స్ ఎక్కువే ఉంటే చుక్క అరిగిపోయింది. కార్బన్ పెయింట్ దొరుకుతుంది, ఒక పల్చటి పూత వేసి ఒక రోజు ఆరనిస్తే పనిచేస్తుంది కానీ ఎక్కువ వాడే కీ మీద నిలవదు. నాకు నచ్చేది పాత టీవీ రిమోట్ రబ్బరులోంచి చుక్కలు బ్లేడుతో పల్చగా కోసి అతికించడం, ఖర్చు లేదు, సైజు కూడా చాలావరకు సరిపోతుంది. అతికించడానికి సూపర్ గ్లూ పనికిరాదు, సిలికాన్‌కి అది పట్టదు. సిలికాన్ జిగురే కావాలి, అది కూడా వెనిగర్ వాసన వచ్చేది కాకుండా న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది, వెనిగర్ వాసన రకం ఆరేటప్పుడు యాసిడ్ వదిలి రాగిని తింటుంది. కొత్త చుక్క మందం వల్ల బటన్ నొక్కకుండానే తాకేలా ఉందేమో చూసుకోండి, పాత చుక్కని కొంచెం గీరి ఆ మందం సర్దాలి. అల్యూమినియం ఫాయిల్ ముక్క అతికించే చిట్కా కూడా తిరుగుతుంటుంది, ఒక గంట టెస్ట్ చేయడానికి సరే, ఉంచేయడానికి కాదు, దానిమీద ఆక్సైడ్ పడుతుంది, అంచులు ట్రాక్‌ని గీస్తాయి.

టాక్ట్ స్విచ్ అయితే కడగడం మీద టైమ్ పెట్టకండి, మార్చేయండి. 6 మిల్లీమీటర్ల చదరం రకం హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే రూపాయల్లో పని, కానీ పైన పొడుచుకొచ్చే పిన్ ఎత్తు కొలిచి మరీ అడగండి, అర మిల్లీమీటర్ తేడా వచ్చినా బటన్ లోపల వదులుగా ఆడుతుంది లేకపోతే ఎప్పుడూ నొక్కుకునే ఉంటుంది. ఒకటి పోతే మిగతావి కూడా అదే వయసు కాబట్టి అన్నీ మార్చేయడమే నయం. పాత బోర్డు ప్యాడ్‌లు వేడికి లేచిపోతాయి, ముందు కాస్త కొత్త సోల్డర్ కలిపి తర్వాత విక్‌తో (సోల్డర్ పీల్చే రాగి అల్లిక) పీల్చండి, ఫ్లక్స్ తక్కువ వాడండి, బోర్డు కడిగేటప్పుడు కరిగిన ఫ్లక్స్ కొత్త స్విచ్‌లోకి దూరి దాన్నీ పాడు చేస్తుంది.

పుష్‌బటన్ బ్యాంకులు, అంటే ఒకటి నొక్కితే ఇంకోటి పైకి లేచే వరుసలు, పాత స్కోప్‌లలో ఎక్కువ. వెండి కాంటాక్ట్‌లు నల్లబడతాయి. ఇక్కడ మాత్రం కాంటాక్ట్ క్లీనర్ న్యాయంగా పనికొస్తుంది, సన్నటి గొట్టంతో లోపలికి ఒక చుక్క వేసి ఇరవై సార్లు నొక్కండి. తలుపు బందులకి కొట్టే స్ప్రేలు ఇందులో వద్దు, జిడ్డు మిగిలిపోయి దుమ్ము పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి చోట్ల ఉన్న బాక్స్‌లలో స్ప్రింగులు కూడా తుప్పు పట్టి ఉంటాయి, అక్కడ క్లీనర్ ఏమీ చేయలేదు. మెంబ్రేన్‌లో ఇంకు గీత తెగితే వెండి కండక్టివ్ పెయింట్‌తో కలపాలి, సోల్డరింగ్ ఐరన్ తాకించారో ప్లాస్టిక్ కరిగిపోతుంది.

లైన్ వైపు జబ్బు అని తేలితే స్కోప్ కావాలి. ఒక్కో కాలమ్ మీద ప్రోబ్ పెడితే వంతుగా కిందకొచ్చే పల్స్ కనపడాలి, 8279 లో పైన చెప్పిన క్లాక్‌కి అది ఒక్కోటి 640 మైక్రోసెకండ్లు. ఒక కాలమ్ మాత్రమే కదలకుండా ఉంటే డీకోడర్ కాలు దగ్గరా, రిబ్బన్ ఇవతలా రెండు చోట్లా చూడండి. పల్స్‌లు అన్నీ ఉండి కీ నొక్కితే రిటర్న్ లైన్ కూడా కిందకొస్తుంటే 8279 నాలుగో పిన్ చూడండి, అది ఇంటరప్ట్, అంటే వచ్చి చదువుకోమని ప్రాసెసర్‌ని పిలిచే సిగ్నల్. కీ నొక్కినప్పుడు అది పైకి లేచి ప్రాసెసర్ చదవగానే దిగాలి. లేచి అక్కడే ఉండిపోతే ప్రాసెసర్ చదవట్లేదు, బటన్ల వైపు మీకింకేం పని లేదు.

తిరిగి బిగించేటప్పుడు ఒక సంగతి. కొన్ని ప్యానెల్స్‌లో బోర్డుని స్క్రూలతో కాకుండా ప్లాస్టిక్ పుల్లలు కరిగించి తల చేసి బిగిస్తారు. వాటిని విరగ్గొట్టకుండా పైన తల మాత్రమే బ్లేడుతో కోసి ఉంటే, తిరిగి ఐరన్‌ని తక్కువ వేడిలో పెట్టి అదే పుల్లని నొక్కొచ్చు, పొడవు చాలకపోతే మధ్యలో సన్న రంధ్రం వేసి బుల్లి స్క్రూ ఎక్కించండి. స్క్రూలన్నీ ఒకేసారి బిగించేయకుండా ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించి, కవర్ వేయకముందే గడుల కాగితం ప్రకారం అన్ని బటన్లూ వేలి కొసతో తేలిగ్గా నొక్కి చూడండి. మూలల్లో ఉన్న బటన్లు నొక్కకుండానే పడుతుంటే రబ్బరు నలుగుతోందని అర్థం, ఆ మూల స్క్రూ అర చుట్టు వదులు చేయండి.